మంత్రిగారి చిటికెనవేలు

ఆ ఉదయం గడ్డం గీసుకుంటుంటే ముత్తెన్నకు రెండుచోట్ల తెగింది. ముప్పై ఏళ్లుగా ఆర్మూరు పసుపు మార్కెట్లో దళారీగా ఎందరి బేరాలో చెయ్యి వణక్కుండా కుదిర్చిన మనిషి. ఇవాళ సొంత గడ్డం మీదే చెయ్యి నిలవడం లేదు. సాయంత్రం ఏడింటికి మంత్రిగారు వాళ్లింట్లో భోజనం చెయ్యబోతున్నారు. పంచాయతీ సమితి ప్రెసిడెంటు హన్మాండ్లు చుట్టూ పది రోజులు కాళ్లరిగేలా తిరిగి ముత్తెన్న ఆ విందును తన ఇంటికి తెచ్చుకున్నాడు. పేరు కోసం కాదు, కొడుకు కోసం.

కొడుకు గంగాదాస్ ఊళ్లోనే సైన్సు మాస్టరు. పిల్లలకు అతనంటే ప్రాణం. కాకపోతే మనిషి ఆర్మూరులో, మనసు మార్సు గ్రహం మీద. నిజామాబాదులో పాత కాగితాలమ్మే వాళ్ల దగ్గర రాకెట్ల కథలున్న ఇంగ్లీషు పత్రికలు ఏరి తెచ్చుకుంటాడు. దవాఖాన కంపౌండరు సాలోమోనుతో కలిసి వాటిని నమిలి మింగుతాడు. మార్సు మనుషులు నిద్రపోతారా, పోరా అన్న సంగతి మీద నిరుడు ఆ ఇద్దరూ వారం రోజులు మాటలు మానేశారు. మొన్న ఏప్రిల్లో రష్యావాళ్లు మనిషిని ఆకాశంలో తిప్పి దించినప్పుడు బజారంతా బెల్లం పంచారు. అంతవరకూ ఊరు నవ్వి ఊరుకుంది.

కొంప ముంచింది నాటకం. స్కూలు వార్షికోత్సవానికి గంగాదాస్ మార్సు మనిషిని ఆర్మూరులో దింపాడు. ఆ గ్రహపు మంత్రికి నాలుగు చేతులు, నాలుగు రిబ్బన్లు ఒకేసారి కత్తిరిస్తాడు. జనం పడీపడీ నవ్వారు. నవ్వని పుణ్యాత్ముడెవరో పైకి అర్జీ పెట్టాడు. నెల తిరక్కుండానే ఉట్నూరు అడవుల్లోకి బదిలీ ఉత్తర్వు వచ్చింది, జూన్‌లో చేరాలని. అక్కడి చలిజ్వరాల మాట విన్న దగ్గర్నుంచి తల్లి రామవ్వకు కంటిమీద కునుకు లేదు. ఉత్తర్వు ఆపించాలంటే ఇక మంత్రిగారే దిక్కు. ముత్తెన్న మాత్రం ఆ నాటకం చూడలేదు. ఆ రోజు మార్కెట్‌కు కొత్త పసుపు వచ్చింది.

"మంత్రి అడిగితే సైన్సు చెప్త అను. గంతే. రాకెట్లు, చుక్కలు ఏం వద్దు" అన్నాడు ముత్తెన్న, గడ్డం మీది నెత్తురు తుడుచుకుంటూ.

"చుక్కలు గూడ సైన్సే గద బాపూ."

"గిదే వద్దంటున్న. నా ఎడమదిక్కు కూసో. నేను నీ చిటికెనేలు వత్తిన్నంటే నోరు మూసుకో."

"వాన్ని జర బువ్వ తిననియ్యి. పొద్దటి సంది గిదే పాట" అంది రామవ్వ వంటింట్లోంచి.

వేలు వత్తడమంటే ముత్తెన్నకు కొత్తేం కాదు. పసుపు బేరం నోటితో జరగదు. దళారీ, కొనేవాడు తువ్వాల కింద ఒకరి చేతులొకరు పట్టుకుని వేళ్లతోనే ధర మాట్లాడుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. ముత్తెన్న బతుకంతా ఆ తువ్వాల కిందే గడిచింది.

సాయంత్రం స్కూలు నుంచి తెచ్చిన బల్లలు వరసగా వేసి, వాటి వంకర కాళ్లు కనబడకుండా తెల్ల దుప్పట్లు నేల దాకా పరిచారు. పెట్రోమాక్సులు వెలిగించారు. మంత్రిగారు వచ్చి ముత్తెన్నకు ఎదురుగా, హన్మాండ్లు పక్కన కూర్చున్నారు. బగారన్నం, కోడికూర వడ్డించారు. సాలోమోను చెంబు పట్టుకుని నీళ్లు పోస్తున్నాడు.

"ఇంకో పదేళ్లు ఆగండి. మన ఆర్మూరు పసుపు చంద్రుడి మీద కూడా అమ్ముతాం" అన్నారు మంత్రిగారు. అందరూ మర్యాదగా నవ్వారు.

"గాడ గాలి ఉండది సార్. గాలి లేకుంటే వాసన రాదు. వాసన రాని పసుపు ఎవరు కొంటరు?" అన్నాడు సాలోమోను, నీళ్లు పోస్తూనే.

"సంచి లోపట గాలి నింపి పంపొచ్చు గద" అన్నాడు గంగాదాస్, ఉండబట్టలేక.

ముత్తెన్న చప్పున దుప్పటి కింద కొడుకు ఎడమచేతి చిటికెనవేలు వత్తాడు. గంగాదాస్ తల వంచుకున్నాడు. మంత్రిగారు ఆ మాటలన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. అదే సమయానికి వంటింట్లోంచి పిలుపొస్తే ముత్తెన్న పచ్చిపులుసు సంగతి చూడ్డానికి లేచి వెళ్లాడు. అతను లోపలుండగా, మొహం మీద పెట్రోమాక్సు వేడి భరించలేక మంత్రిగారు లేచి ఇవతలికి వచ్చారు. గంగాదాస్ తన కుర్చీ ఇచ్చి అవతలికి జరిగాడు.

ముత్తెన్న తిరిగొచ్చేసరికి హన్మాండ్లు అంటున్నాడు. "మార్సు నాటకం రాసి ఉట్నూరుకు బదిలీ అయింది గీ పిల్లగాడే సార్. నాలుగు చేతుల మంత్రి..."

ముత్తెన్న హన్మాండ్లు నోటివంకే చూస్తూ కూలబడి, ఎడమచెయ్యి దుప్పటి కిందికి పోనిచ్చి, దొరికిన చిటికెనవేలిని ఉన్న బలమంతా పెట్టి వత్తాడు. పక్క వేలికి ఉంగరం తగిలింది. కొడుకుకు ఉంగరం లేదు.

"అబ్బా" అన్నారు మంత్రిగారు.

అయిపోయింది, ఉట్నూరు ఖాయం అనుకున్నాడు ముత్తెన్న.

"నా ఏలు వత్తబోయి మీది వత్తిండు సార్" అన్నాడు గంగాదాస్, లేచి నిలబడి. "నేను మాట్లాడొద్దని. మా బాపుది తప్పు లేదు, నా నాటకానికి భయపడ్డడు."

"అంత భయపడేది ఏముంది అందులో? చెప్పు" అన్నారు మంత్రిగారు, వేలు విదిలించుకుంటూ.

గంగాదాస్ చెప్పాడు. నాలుగు చేతుల మంత్రినీ దాచలేదు. "ఆర్మూర్ల దిగిన మార్సాయనకు నోరు లేదు సార్. తాసిల్దారు ఉర్దూల అడుగుతడు, హెడ్మాస్టరు ఇంగ్లీషుల అడుగుతడు, పోలీసాయన సీటీ ఊదుతడు. ఆయన ఏడుస్తనే ఉంటడు. అప్పుడు పసుపు మార్కెట్ల నుంచి ఒక దళారి వస్తడు. ఒక్క మాట అడగడు. భుజం మీది తువ్వాల తీసి ఆయన చెయ్యి మీద కప్పి, కింద ఏళ్లు పట్టుకుంటడు. ఇల్లెంత దూరమో, పిల్లలెందరో అన్ని చెప్పుకుంటడు మార్సాయన. భూమ్మీద ఆయన మాట సమజైంది గా ఒక్కనికే."

"దళారి పేరేంది?" అన్నాడు హన్మాండ్లు.

"పేరు పెట్టలే. నడక మా బాపుది. వేషం సాలోమోను కట్టిండు."

సాలోమోను చెంబు పట్టుకునే ఎడమభుజం వంచి నాలుగడుగులు నడిచి చూపించాడు. అచ్చం ముత్తెన్నే. మంత్రిగారు కూడా నవ్వారు. తలుపు చాటున రామవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముత్తెన్న ఒక్కడే నవ్వలేదు. లోకంలో ఎవరికీ అర్థంకాని వాడి గోడు విన్న మనిషిగా కొడుకు తనను రాశాడు. తానేమో పొద్దుటి నుంచి ఆ కొడుకు నోరు మూయించే పనిలోనే ఉన్నాడు.

"బాగుంది" అన్నారు మంత్రిగారు. "ఇకమీద ఇలాంటివి రాయనని ఒక కాగితం రాసివ్వు. రేపే ఉత్తర్వు ఆపిస్తాను."

గంగాదాస్ తండ్రి మొహం చూశాడు. "రాసిస్త సార్" అన్నాడు మెల్లగా.

"వద్దు" అన్నాడు ముత్తెన్న. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. "తప్పుంటే మాఫ్ చెయ్యుండ్రి సార్. ముప్పై ఏండ్ల సంది అందరి సరుకు జూసి ధర చెప్పిన. నా ఇంట్ల సరుకు నేనే జూడలే. జూడకుంటనే మీతోని బేరానికి కూసున్న. గీ ధరకు నేను ఇయ్య."

మంత్రిగారు చెయ్యి కడుక్కుని లేచారు. వెళ్తూ వెళ్తూ, "ఉట్నూరులో దోమలెక్కువ, తెర తీసుకెళ్లు" అన్నారు గంగాదాస్‌తో. కోపమో, మంచితనమో తేలలేదు.

కార్లు వెళ్లగానే రామవ్వ బయటికొచ్చింది. "ఏం పని జేసినవయ్యా. వాన్ని ఆపేటందుకే గద గిదంత" అంది, ఏడుపు ఆపుకోలేక.

"నాకు గూడ భయంగనే ఉన్నదే" అన్నాడు ముత్తెన్న. "కానీ వాడు గా కాయితం మీద దస్కత్ పెడితే, రేపటి సంది వాని మొకం ఎట్ల జూడాలె?"

రామవ్వ కొడుకు దగ్గరికి పోయి వాడి తల నిమురుతూ నిలబడింది. గంగాదాస్ కళ్లు తుడుచుకున్నాడు.

ముత్తెన్న ఎంగిలి విస్తళ్ల మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆఖరుకు గా మార్సాయన ఇల్లు చేరిండా?" అని అడిగాడు.

"చేరిండు బాపూ. దళారే దగ్గరుండి తోలిచ్చిండు."

ముత్తెన్న పక్క కుర్చీ కొడుకు వైపు జరిపాడు. "జూన్ల నేను గూడ వస్త, ఉట్నూరు దాక" అన్నాడు.