స్టాండప్ మీటింగ్‌లో తూటా

టెస్టర్ మాట పూర్తి కాలేదు.

"నిన్న సిగ్నల్ కోడ్ పరీక్షించాను. ఇవాళ మిగిలింది చూస్తాను. నాకు అడ్డొస్తున్నదల్లా, ఎవరూ రాయమని చెప్పని కోడ్ ఒకటి..."

కిటికీ అద్దం భళ్ళున పగిలింది. తూటా అతని కణతలోంచి దూసుకుపోయి, వెనక బోర్డు మీది రంగుకాగితాలను నెత్తురుతో తడిపింది. గుండ్రంగా నిలబడ్డ టీమంతా నేలకు కరుచుకుపోయింది.

లాండ్రీ షాపు వెనక గదిలో, ఆవిరి కక్కే ఇస్త్రీ యంత్రాల మధ్య, చీఫ్ ఈ సంగతి చెప్పి ఆగాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంటును గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరూ ముంగిస అంటారు. పాములతో పని పడ్డప్పుడే కబురు పెడతారు గనక.

"ఆ ఆఫీసువాళ్ళు సొరంగం రైళ్ళకి సిగ్నల్ సాఫ్ట్‌వేర్ రాస్తారు," అన్నాడు చీఫ్. "పరాయి దేశపు ముఠా అందులో దూరింది. శుక్రవారం డెమో. కొత్త సాఫ్ట్‌వేర్ నిజం రైళ్ళ మీదికి ఎక్కేది అప్పుడే. ఎక్కగానే ఎదురెదురు బళ్ళు రెంటినీ ఒకే పట్టాల మీదికి తోస్తారు."

"డెమో ఆపించెయ్యండి."

"ఆపితే ముఠా జారుకుంటుంది. మళ్ళీ ఎక్కడ తేలుతుందో ఎవడు చెప్పొచ్చాడు?" చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. ఆ టైముకి ఆ లైన్లో బండి నడిపేది మీ అక్క. ఆవిడకి చెప్పడానికి వీల్లేదు."

ముంగిస కుర్చీలోంచి సగం లేచాడు. తల్లి పోయాక తనను పెంచింది ఆ అక్కే.

"నాకు కోడ్ బొత్తిగా రాదు సార్."

"రానక్కర్లేదు. వాళ్ళ పద్ధతి తెలిస్తే చాలు. ఎజైల్ అంటారు. ఇదివరకు ఇల్లంతా కట్టేశాక తాళాలిచ్చేవాళ్ళు. వంటింటి గుమ్మం ఇరుకని అప్పుడు తెలిసేది. ఇప్పుడు గదిగదీ కట్టి చూపిస్తారు. రెండు వారాలకో గది. దాన్ని స్ప్రింట్ అంటారు. బాగోకపోతే ఆ గదే కూలుస్తారు, ఇల్లు కాదు. రోజూ పొద్దున్నే స్టాండప్. అంటే నిలబడి మూడు మాటలు చెప్పుకోవడం. నిన్నేం చేశా, ఇవాళేం చేస్తా, నాకేం అడ్డు. నిలబెట్టేది ఎందుకంటే, కూర్చుంటే మనవాళ్ళు లేవరు."

కెమెరా కళ్ళజోడు, ఒక్క తూటా పట్టే పెన్ను, దొంగ గడ్డం. ముంగిస కొత్త టెస్టర్‌గా చేరిపోయాడు.

టీమ్‌కి పద్ధతి నేర్పేవాణ్ణి కోచ్ అంటారు. నెరిసిన జుట్టు, తేనెలో ముంచిన గొంతు. "ముక్క చిన్నదిగా ఉండాలి నాన్నా. చిన్న ముక్కలో తప్పు దొరికితే అదొక్కటే వెనక్కి తీసేస్తాం," అని రోజూ పాఠం చెబుతాడు. ఎవరికి ఏ అడ్డొచ్చినా శ్రద్ధగా విని తొలగించడం ఆయన పని. అక్కడ ఎవరూ ఒంటరిగా కోడ్ రాయరు. ఒక కీబోర్డు ముందు ఇద్దరు. ఒకరు రాస్తుంటే రెండోవారు తప్పులు పడతారు.

స్టాండప్‌లో అందరికీ ఏదో ఒక అడ్డు. ఒకడికి సర్వర్ లేవలేదు. ఒకావిడకి రైల్వేవాళ్ళు జవాబివ్వలేదు. నెమలి అని పిలిచే ప్రోగ్రామర్‌కు మాత్రం రోజూ ఒకటే మాట. "నాకేం అడ్డు లేదు." నీలం పట్టు చొక్కా, చెవులకు పొడుగు లోలాకులు. ఆమె నడిచొస్తే కీబోర్డుల చప్పుడు ఆగిపోతుంది. పనిచేసేవాళ్ళకి అడ్డు రాకుండా ఎలా ఉంటుందని ముంగిసకు అనుమానం.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెను వెనక మెట్ల మీద గోడకు అదిమి, గొంతు మీద కత్తి పెట్టాడు.

"టెస్టర్‌ని చంపిందెవరు?"

"గడ్డం ఊడుతోంది, చూసుకోండి," అంది నెమలి తొణక్కుండా. "ఇస్త్రీ ఇంకా వేడిగానే ఉందా?"

అది చీఫ్ మనుషులు గుర్తుకు చెప్పుకునే మాట. ముంగిస కత్తి దించాడు. "మడత నలగలేదు."

"ముఠా జీతం తింటూ మీ చీఫ్‌కి కబుర్లు మోస్తున్నా. రెండు పడవల మీద కాళ్ళు. అడ్డుందని చెప్పినవాడి గతి చూశారుగా? మన అడ్డంకులన్నీ పూసగుచ్చినట్టు వినేది ఎవరు? కోచ్. ఆ రోజు నుంచీ నా ఫోన్ మీదే కన్నేసి ఉంచాడు, చీఫ్‌కి కబురు పంపలేకపోయా."

పై మెట్టు మీద బూటు చప్పుడైంది. కిటికీలు తుడిచేవాడి దుస్తుల్లో ఒకడు పిస్తోలు ఎత్తాడు. మొదటి తూటా ముంగిస చెవి కొసను తెంచుకుపోయింది. రెండోది పేలేలోపు ముంగిస వాడి కాళ్ళు లాగాడు. ఇద్దరూ మెట్లమీంచి దొర్లారు. వాడి వేళ్ళు పీక నొక్కుతుంటే ముంగిస పెన్ను తీసి వాడి దవడ కింద పేల్చాడు. టెస్టర్‌ని కాల్చిన చెయ్యి ఆ తర్వాత కదల్లేదు.

హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. డెమో మొదలైపోయింది.

తలుపు తోసేసరికి గోడంత తెర మీద సొరంగం పటం. రెండు చుక్కలు ఒకే గీత మీద ఒకదానికొకటి ఎదురొస్తున్నాయి. అందులో నీలం చుక్క అక్క బండి. టీమంతా బల్లల కింద దూరింది. కోచ్ చేతిలో తుపాకీ ఉంది.

"ఆలస్యమైంది నాన్నా," అంటూ నెమలి కడుపులో కాల్చాడు. ఆమె కూలిపోయింది.

ముంగిస దూకాడు. ఎడమ భుజంలో తూటా దిగింది. అయినా ఆగకుండా కుర్చీ ఎత్తి కోచ్ మణికట్టు మీద మోదాడు. ఎముక పటుక్కున విరిగింది. కాలరు పట్టి మొహాన గుద్దితే పళ్ళు రాలాయి. కోచ్ ఆ నెత్తుటి నోటితోనే నవ్వాడు.

"నన్ను చంపినా రైళ్ళాగవు. ఎక్కడెక్కడ మార్చానో వెతికేసరికి మీ తాతలు దిగిరావాలి."

"వెతకొద్దు," అంది నెమలి నేల మీంచి, పొట్ట అదుముకుంటూ. "ముందు దూర్చిన చిన్న ముక్క టెస్టర్‌కి దొరికిందని దాన్ని తీసేశాడు. మళ్ళీ అలాగే దూర్చుంటే పక్కన కూర్చున్న మేం పట్టేసేవాళ్ళం. ఆ భయానికే ఒంటరిగా కూర్చుని, విషమంతా ఒకే ముద్దగా ఇవాళ ఎక్కించాడు. ఆ ఒక్క ముక్కా వెనక్కి తీస్తే పాత సిగ్నలు లేస్తుంది. రోల్‌బ్యాక్, ఆ బల్ల మీది ఎర్ర బొత్తాం."

పొద్దున్నే పదిమందికి చెప్పే పాఠం తనకు వర్తించదనుకున్నాడు పెద్దమనిషి. ఇప్పుడు ముంగిస కాలు కరుచుకుని వేలాడుతున్నాడు. చుక్కల మధ్య వేలెడు జాగా కూడా లేదు. ముంగిస ఆయన తలను బల్ల అంచుకేసి కొట్టి, అదే ఊపులో ఎర్ర బొత్తాం నొక్కాడు.

కోచ్ మెడ వాలిపోయింది. తెర మీద రెండు చుక్కలూ అంటీ అంటనట్టు ఆగిపోయాయి. ముంగిస నెమలి పక్కన కూర్చుని ఆమె గాయాన్ని అదిమిపట్టాడు.

నెమలిని అంబులెన్సులో ఎక్కించారు. బతుకుతుందన్నారు. భుజానికి కట్టు కడుతుండగా ముంగిస ఫోన్ మోగింది. అక్క గొంతు వినగానే అతనికి ఏడుపొచ్చింది.

"ఒరేయ్, సొరంగం మధ్యలో బ్రేకులు పడ్డాయిరా. ఎదురు బండి దీపాలు నా మొహమ్మీదే. పైగా ఆలస్యమైందని జనం నన్ను పట్టుకుని తిడుతున్నారు. ఆ సిగ్నల్ ఆఫీసులో ఎవడో తలమాసినవాడు బండి ఆపేశాట్ట. వాడు కనిపిస్తే నా పేరు చెప్పి నాలుగు తగిలించు."

"వాడికి ఇప్పటికే తగిలాయిలే అక్కా," అన్నాడు ముంగిస, నెత్తురోడే భుజాన్ని నొక్కుకుంటూ.