చెంగెరి వారి బల్ల

ఆదివారం పొద్దున పొయ్యి మీద కోడి చారు సన్నసెగన ఉడుకుతోంది. చెక్క మీద పిండి చల్లి, పలచగా వత్తిన ముద్దను ఇబొయా చారులోకి సేమ్యాగా తరుగుతోంది. ఆమె అత్తగారు చెంగెరి లీదియా నల్ల తలగుడ్డ ముడి వేసుకుంటూ వచ్చి, తరిగిన సేమ్యాను రెండు వేళ్ళతో పైకెత్తి చూసింది.

"ఇవి సేమ్యాలా, ఆవుల్ని కట్టేసే పలుపులా?"

"చారులో పడితే మెత్తబడతాయి లెండి, అత్తయ్యా."

"మెత్తబడతాయి సరే, సన్నబడవుగా! దిగువ వీధి వాళ్ళ చేతికి సన్నం ఎక్కడొస్తుంది?"

ఇబొయా కత్తి ఆపకుండా తరుగుతూనే ఉంది. మా షోంఫలు ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క కొట్టు ఆమెది. రోజంతా ఊరివాళ్ళ దెప్పుళ్ళు విని విని ఆమె చెవులు గట్టిపడ్డాయి. పెళ్ళై మూడేళ్ళైనా అత్తగారి నోట ఒక్క మంచిమాట వినలేదు.

అలాగని లీదియాకు కోడలొక్కతే లోకువ అనుకుంటే పొరపాటు. ఊళ్ళో ఆమె కంటికి ఆనినవాళ్ళు లేరు. మేయరు తాగుబోతు. ఆస్ట్రియా పోయి అంట్లు తోమి పెద్ద కారులో తిరిగొచ్చినవాళ్ళు కారున్న అంట్లవాళ్ళు. పక్క ఊరి నుంచి వచ్చి ఆరాధన జరిపే పాస్టరమ్మ ఫ్యాంటేసుకునే పిల్లకాకి. నిజం చెప్పాలంటే మా ఊరికి మిగిలిన ఆస్తి కూడా అంతే, ఒకరినొకరు చిన్నచూపు చూసుకోవడం. రైలు ఆగిపోయింది, బడి మూతపడింది, ఎగువ వీధి వాళ్ళు దిగువ వీధి వాళ్ళను చూసి మూతి తిప్పుకోవడం మాత్రం ఆగలేదు.

చర్చిలో బల్లలు కూడా ఆ లెక్కనే ఉంటాయి. ఎగువ వీధి రైతులకు ముందు బల్లలు, దిగువ వీధి పాలేర్ల కుటుంబాలకు వెనక బల్లలు. ఆడవాళ్ళు ఓ పక్క, మగవాళ్ళు ఓ పక్క. పెళ్ళైన మొదటి ఆదివారం అత్తగారు కొత్తకోడలిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తమ బల్ల మీద కూర్చోబెట్టాలి. లీదియా ఆ పని చెయ్యలేదు. ఇబొయా తలుపు పక్క బల్ల మీదే కూర్చుంటోంది.

గెడ్డం గీసుకుని గెర్గె వంటింట్లోకి వచ్చాడు. ఎవర్నీ చేసుకోకుండా నలభై దాటించి, ఆఖరికి దిగువ వీధి పిల్లను తెచ్చుకున్న కొడుకు.

"అమ్మా, ఇవాళ ఇబొయా నీ పక్కన కూర్చుంటుంది."

"ఆడవాళ్ళ బల్ల సంగతి నీకెందుకురా?"

"పోయిన వారం ప్రార్థనకి లేచి కళ్ళు తిరిగి పడ్డావు. పట్టుకోడానికి దగ్గర్లో ఒక్క మనిషి లేడు. కొంచెముంటే తల పగిలేది!"

"పగిలితే నా తల, నా బల్ల మీద. నీకేం పోయింది?"

తలగుడ్డను నుదుటి మీదకి లాక్కుంది. కింద కమిలిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది.

"చర్చి నిండా ఖాళీ బల్లలే," అన్నాడు గెర్గె. "ముందుకి రండి, హీటరు దగ్గర కూర్చోండి అని పాస్టరమ్మ బతిమాలుతుంది. వచ్చేదే గుప్పెడు మంది. ఒక్కరు కదలరు. ఎవరి తాతల బల్లకి వాళ్ళు అతుక్కుని వణుకుతూ కూర్చుంటారు. ఎవరైనా చూస్తే నవ్విపోతారు!"

"నవ్వనీ! ఏనాడో టర్కీవాళ్ళొచ్చి ఊరు తగలెట్టిపోయారు. రష్యావాళ్ళొచ్చి గడియారాలు ఊడబీక్కున్నారు. సర్కారు సహకార సంఘం వచ్చి పొలం, గుర్రాలు, నాగలి అన్నీ లాక్కుపోయింది. ఖాళీ కొట్టంలో కళ్ళెం పట్టుకుని మీ తాత చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సంఘానికి పెద్ద ఎవడు? ఈవిడగారి తాత! అన్నీ పట్టుకుపోయారు. చర్చిలో బల్ల ఒక్కటి మరిచిపోయారు. దాని మీద కూడా వాళ్ళే కూర్చోవాలా?"

గెర్గె మొహం ఎర్రబడింది. "అయితే మేం దిగువ వీధికి పోతాం. వాళ్ళమ్మ ఇల్లు ఖాళీగానే ఉంది. ఆ బల్లని తెచ్చుకుని నువ్వు ఈ ఇంట్లో వేసుకో."

లీదియా వంటింటి నాలుగు మూలలూ చూసింది. ఇంత పెద్ద ఇంట్లో ఒక్కతే! కానీ నోరు మాట వినే రకం కాదు. "పొండి. ఈ పలుపుల చారు కూడా పట్టుకుపొండి."

ఇబొయా కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"నేనెక్కడికీ పోను. ఆ బల్ల కూడా నాకొద్దు."

"వద్దా?" లీదియా వెటకారంగా నవ్వింది. "ఈ ముసలిది ఎప్పుడు పోతుందా, ఎప్పుడెక్కి కూర్చుందామా అని వెనక నుంచి నా వీపు చూస్తూ ఉంటావు. నాకు తెలీదా?"

"రేపు నేనూ అలా ఎదురుచూడాల్సి వస్తుందనే వద్దంటున్నాను, అత్తయ్యా. మీ అత్తగారు మిమ్మల్ని కూడా తలుపు పక్కనే కూర్చోబెట్టిందట కదా. ఏటి అవతలి పిల్లవని."

గెర్గె తల్లి వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఎవరు చెప్పారు నీకు?" లీదియా గద్దించింది.

"మా అమ్మమ్మ. ఈ ఇంటి బట్టలు ఉతకడానికి వచ్చేది. మీ అత్తగారిని పాతిపెట్టాక వచ్చిన ఆదివారం మీరు ఆ బల్ల మీద కూర్చున్నారట. ఇంటికొచ్చి సేమ్యా తరుగుతూ పాట పాడారట. దొడ్లో దుప్పటి పిండుతూ విన్నానని చెప్పేది. ‘పాపం, ఆ పిల్ల నోట పాట వినడం అదే మొదలు' అనేది." ఇబొయా ఓ అడుగు ముందుకొచ్చింది. "రేపు మీరు పోయాక నా నోటికి పాట రాకూడదు. నేను మీకోసం ఏడవాలి. నన్ను ఏడవనివ్వండి, అత్తయ్యా. అంతకంటే నాకేం వద్దు."

లీదియా కుర్చీ కోసం తడుముకుని కూర్చుంది. చర్చి గంట మొదలైంది. "మీరు పదండి," అంది గోడ వైపు తిరిగి. "నేను వస్తాను."

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో చారు ఉడికే చప్పుడు తప్ప ఏమీ లేదు. లీదియా పాడింది, నిజమే. చెక్క మీద కత్తి దరువేస్తూ పాడింది. అత్తగారి శవపేటిక మీద మట్టి వేస్తున్నప్పుడు కూడా ఒక్క కన్నీటి చుక్క రాలేదు, తలగుడ్డ చాటున నవ్వు ఆపుకుంది. ముసలావిడ కోడలికి మిగిల్చిపోయింది ఆ సంతోషం ఒక్కటే. జీవితమంతా ఒకరి తర్వాత ఒకరిని ఈసడించుకుంటూ వచ్చిన లీదియాకు, ఇప్పుడు తన మీద తనకే చెప్పలేనంత ఏవగింపు కలిగింది.

ఆమె వచ్చేసరికి చర్చిలో కీర్తన మొదలైపోయింది. తలుపు కిర్రుమనగానే అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. లీదియా ఎప్పటిలా ముందుకి నడవలేదు. తలుపు పక్క బల్ల దగ్గర ఆగింది.

"జరుగు."

ఇబొయా కంగారుగా లేచింది. "ముందుకి పదండి అత్తయ్యా, చెయ్యి పట్టుకుంటాను."

"జరగమన్నానా లేదా?"

ఇబొయా జరిగింది. లీదియా కూలబడింది. రెండో వరసలో గంట కొట్టేవాడి భార్య రెబెకా నోరు తెరిచి చూస్తూ పాట మరిచిపోయింది. "పాడవే," అంది లీదియా ఆ చివర నుంచే, అందరికీ వినబడేలా. "నా మొహం మీద రాసుందా పాట?" మగవాళ్ళ వైపు నుంచి గెర్గె గొంతు ఒక్కసారి పైకి లేచి, బొంగురుపోయింది.

తలుపు సందులోంచి చలిగాలి మడమల మీదకి రివ్వున కొట్టింది. లీదియా కిందికి చూసింది.

"ఇంకా ఇలాగే కొడుతోందా? ఇన్నేళ్ళలో ఈ తలుపుకి ఓ గుడ్డముక్కైనా కుక్కలేదు, పనికిమాలిన వెధవలు..." తిడుతూనే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. "ఇక్కడ నాకు చాలా చలేసేదే, అమ్మాయ్. కాళ్ళు కొయ్యబారిపోయేవి. ఎవరూ అడగలేదు."

ఇబొయా తన శాలువా తీసి ఆమె మోకాళ్ళ మీద కప్పింది. అత్తగారి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కీర్తన అయిపోయేదాకా రుద్దుతూనే ఉంది.