జల్దారు చెట్టు మీది కౌజు

జమీరా వచ్చేసరికి మిర్జోహిద్ గుమ్మంలో కూర్చుని తెగిన బూటు కుట్టుకుంటున్నాడు. పోలీసు ఉద్యోగం వదిలేశాక ఉజ్గెన్ కొండ ఊళ్ళలో జనాల చిక్కులు విప్పి బతికే మనిషి. పక్కనే అతన్ని టాక్సీలో తిప్పే సాదిక్ ఉన్నాడు. మిర్జోహిద్‌ని అకా, అంటే అన్న, అంటాడు; అకా చెప్పిందే రైటు అన్నది సాదిక్ నమ్మకం.

"బాబాయ్, శుక్రవారం నమాజయ్యాక నన్ను పుట్టింటికి తరిమేస్తారట. పిల్లాణ్ణి మాత్రం ఇవ్వరట," అంది జమీరా.

"ఏం చేశావమ్మా?"

"వేసవి మొదట్లో మా మామగారి పెంపుడు కౌజు పిట్ట పోయింది. చీకటితో లేచి వాకిలి చిమ్మేది కోడలే కదా, పంజరం తలుపు నేనే తీశానంటారు. ఈమధ్య అది మా వాకిట్లో జల్దారు పళ్ళ చెట్టెక్కి రోజూ తెల్లారగట్ల కూస్తోంది. కూసినప్పుడల్లా నాకు తిట్లు."

మర్నాడు పొద్దున్నే మిర్జోహిద్, సాదిక్ జమీరా అత్తవారి వాకిట్లో నిలబడ్డారు.

"పిట్ట పోతే పోలీసా! రేపు కోడిపెట్ట పోతే కల్నల్ వస్తాడేమో," అంది అత్తగారు సల్తనత్.

మామగారు నోర్ఖుల్ చెయ్యెత్తి ఆపాడు. "నా కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. అది నా కౌజే. నా చేతిలో, నా కొడుకు చేతిలో తప్ప ఉండదు. ఇంకెవరు పట్టుకున్నా ఊరంతా లేచేలా గోల చేస్తుంది."

చెట్టు మీంచి కూత వచ్చింది. పిట్-పిలిక్, పిట్-పిలిక్. ఆ వెంటనే, అదే గొంతులో, టకటకటక. రాయి మీద కర్ర ఆడినట్టు.

మిర్జోహిద్ నాలుగు మల్బరీ పళ్ళు నేల మీద వేసి కదలకుండా నిలబడ్డాడు. పిట్ట దిగింది. గెంతలేదు, పెద్దమనిషిలా నడిచింది. గోధుమరంగు ఒళ్ళు, నల్లటి తల, పసుపు ముక్కు, కంటి చుట్టూ పసుపు. ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్లమచ్చ కనబడింది.

"ఇదేం పిట్టండీ?" అన్నాడు నోర్ఖుల్ కొడుకు ఖుద్రత్.

"గోరువంక. కింద బజార్లన్నీ ఇవే. మీ కొండకి ఈ ఏడే ఎక్కినట్టుంది. గోధుమలు ఎక్కడ పట్టిస్తారు బాబూ?"

"మా మేనమామ నీటిమిల్లులో. నేనే తీసుకెళ్తా. ఏం?"

"ఏం లేదు," అని మిర్జోహిద్ సాదిక్ చెవిలో ఏదో చెప్పి పంపాడు.

టీ చల్లారకముందే సాదిక్ మిల్లు నుంచి తిరిగొచ్చాడు. చేతిలో సొరకాయ బుర్ర పంజరం, మీద పిండి దుమ్ము. లోపల కౌజు.

అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి మిర్జోహిద్ మొదలుపెట్టాడు. "కౌజు నేల పిట్ట, చెట్టెక్కి కూయదు. గోరువంక విన్నదల్లా పలుకుతుంది, గింజలున్నచోటే తిరుగుతుంది. కౌజు కూతా, మిల్లురాయి మీద ఆడే కర్ర చప్పుడూ కలిపి పలికిందంటే రెండూ ఒక్కచోటే విన్నది. సల్తనత్ ఆపా, ఆ మిల్లు నడిపే మీ అన్న కూతుర్ని కోడలుగా తెచ్చుకోవాలని ఊరందరితో అన్నారటగా."

"అన్నాను. తప్పా? నేనే పంపాను పిట్టని."

"పంపారు. కానీ పంజరంలోంచి తీసింది మీరైతే గోల చేసేది. ఆ రోజు ఎవరికీ ఏమీ వినబడలేదు."

అందరూ ఖుద్రత్ వైపు చూశారు. అతను టీ గిన్నెలోకి చూస్తూ, "అమ్మ పోరు పడలేకపోయాను," అన్నాడు.

నోర్ఖుల్ కౌజుని చొక్కాలో పెట్టుకున్నాడు. ముసలాడి ముఖం వెలిగిపోతోంది. "సర్లే, పిట్ట దొరికింది. ఇంక ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. అమ్మాయ్, వేడిగా టీ పెట్టు."

జమీరా కదల్లేదు. "నా అంతట నేను పోతానంటే పిల్లాణ్ణి ఇస్తారా, మామయ్యా?"

ముసలాడు కౌజుని చొక్కాలోకి ఇంకా లోపలికి తోసుకున్నాడు. సల్తనత్ పిల్లాడి ఉయ్యాల దగ్గరకి జరిగి కూర్చుంది.

సాదిక్ ఆశగా అకా వైపు చూశాడు. మిర్జోహిద్ తన పని అయిపోయినట్టు బూట్లు తొడుక్కుంటున్నాడు.

జమీరా లేచి, టీ కాచే సమోవార్‌లో నీళ్ళు పోయడానికి వెళ్ళింది.