అప్పలసూరి సీసా

మా మిషన్ ఛాతీ ఆసుపత్రిలో మందుల గది వెనక వరండా చివర ఉండేది. అక్కడ ఎండ పడదు. బయట భిలాయి ఎండ మాడ్చేస్తున్నా లోపల గచ్చు చల్లగా ఉండేది. ఆ గదికి పెద్ద టెక్నీషియన్‌ని నేను. కొత్త మందుల పరీక్షలు ఏవి వచ్చినా సీసాలూ తాళాలూ నా చేతిలోనే. సులోచన కోపిష్ఠిదని క్యాంప్ వన్ బస్తీ అంతా చెప్పుకునేవారు. నిజమే. మందు పుచ్చుకుంటానని వేలిముద్ర వేసి, తీరా ఇచ్చాక నసిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

డెబ్భై ఎనిమిది వేసవిలో బొంబాయి కంపెనీ ఒకటి ఆయాసానికి కొత్త మాత్ర పంపింది. సగం సీసాల్లో అసలు మందు, సగం సీసాల్లో ఉత్తుత్తి మాత్ర. రంగూ రుచీ ఒకటే. ఏది ఏదో నాకూ తెలియదు, డాక్టరు భుజంగరావుగారికీ తెలియదు. మనిషికో నంబరు, నంబరుకో సీసా. రోగి రోజూ నా కిటికీ దగ్గరికి రావాలి, నా కళ్ళెదుట మింగాలి, నాలుక చాపి చూపించాలి. ఒకవేళ ఎవరి సీసాలో ఏముందో మాకు అంతుబట్టినా సరే, రోగితో మాత్రం అనకూడదు. అది అన్నిటికంటే పెద్ద నియమం.

అప్పలసూరి శ్రీకాకుళం వైపువాడు. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద సిమెంటు బస్తాలు మోసేవాడు. ఎంత కడుక్కున్నా కనురెప్పల మీద బూడిదరంగు పోయేది కాదు. వాడు వచ్చాడంటే చూడకుండానే తెలిసేది. టిఫిను డబ్బా మూతతో కిటికీ చెక్క మీద కొట్టేవాడు. టక్... టక్... టక్.

"మందులమ్మా, నాది అసల్దా, ఉత్తుత్తిదా?"

"నాకేం తెలుసు? మింగు."

"తెలిసినా సెప్పవు నువ్వు."

రోజూ ఇదే వరస. వాడికి నేనంటే పడదు, నాకు వాడంటే అసలే పడదు. వేసవి ముదిరేసరికి వాడు ఊపిరాడక చచ్చిపోయాడు. పెళ్ళాం అచ్చమ్మ ఆ టిఫిను డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. సిమెంటు పొడిలో అతుక్కుపోయి, నేనిచ్చిన మాత్రలన్నీ అందులో ఉన్నాయి.

"నాలిక కింద దాసీసి బయటికొచ్చి ఉమ్మీసీవోడమ్మా," అంది అచ్చమ్మ. "అయి ఉత్తుత్తి మాత్రలని ఎవులో సెప్పినారంట. ఏటి సేత్తాం!"

నాలుక చాపమన్నాను గానీ ఎత్తమనలేదు నేను. జాలి పడాల్సిన చోట నాకు మండుకొచ్చింది. ఇంతమందిని నిలబెట్టి పరీక్ష నడుపుతుంటే, వీడొక్కడు నన్ను రోజూ వెర్రిదాన్ని చేశాడు.

అప్పటికి మా ఆయన విలియం కూడా ఆయాసంతోనే ఉన్నాడు. స్టీలు ప్లాంటులో ఫిట్టరు. సెక్టర్ టూ క్వార్టర్లో మంచం మీద ఒరగడానికి లేక, గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపేవాడు. ఛాతీలోంచి ఈల. పక్కనున్న నాకు కూడా ఊపిరి సలిపేది కాదు. పాత మందులేవీ పని చెయ్యలేదు. బొంబాయి నుంచి కొత్త సీసాలు రాలేదు. అప్పుడు భుజంగరావుగారు, "ఆ సిమెంటు కూలీవాడి సీసా ఉందిగా సులోచనా, ఆ నంబరు మీ ఆయనకి ఇచ్చెయ్యి," అన్నారు.

మనిషి చచ్చిపోయినా సరే, ఒకరి నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదండీ అన్నాను. ఆయన నవ్వారు. ఇంట్లో ఆ ఈల వింటున్నదాన్ని, ఎంతసేపు వాదిస్తాను? రోజూ సాయంత్రం ఒక మాత్ర పొట్లం కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి నా చేత్తోనే వేసేదాన్ని. వారం తిరక్కుండా విలియం మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ఈల లేదు. నేను చీకట్లో కూర్చుని ఏడ్చాను. ఎంత ఆనందమో చెప్పలేను. అప్పలసూరి సీసాలో ఉన్నది అసలు మందేనని నాకు అర్థమైపోయింది.

ఆ తరవాత ఒక రోజు మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడింది. నాతో పనిచేసే ఛాయ హడావిడిగా సంచీ తీసుకుంది. "దీదీ, ఆంధీ ఆ రహీ హై! నేను పోతున్నా. మీరూ జల్దీ బంద్ చేసేయండి."

ఆమె వెళ్ళిన కాసేపటికే దుమ్ముగాలి కమ్మేసింది. కరెంటు పోయింది. కిటికీ తలుపు లాగి గడియ పెట్టాను. దాని అడుగున మందు అందించడానికి చెయ్యి పట్టేంత సందు మాత్రం ఉంటుంది. అందులోంచి మసక వెలుతురు బల్ల మీద పడుతోంది. బయట రేకులు కొట్టుకుంటున్నాయి. నేను తడుముకుంటూ బీరువా తెరిచి, ఆ సీసా తీసి, విలియం మాత్ర పొట్లంలో కట్టుకున్నాను.

అప్పుడు వాసన వచ్చింది. దుమ్ము వాసన కాదు. నీళ్ళు పోసి కలిపిన సిమెంటు వాసన. బయట ఒక్క చినుకు కూడా పడలేదు.

టక్... టక్... టక్.

చేతిలో సీసా జారబోయింది. గట్టిగా పట్టుకున్నాను.

"ఎవరది?"

కిటికీ అవతల ఛాతీలోంచి ఈల... లోపలికి... బయటికి. సందులోని వెలుతురు ఆగిపోయింది. ఎవరో అడ్డంగా నిలబడ్డారు.

"నా సీసా ఎవులికిచ్చినావు?"

గుసగుస. గొంతులో ఇసక ఉన్నట్టు గరగర.

"ఆస్పత్రి మూసేశాం. రేపు రండి."

"నా నంబరు... ఎవులికిచ్చినావు, మందులమ్మా?"

సందులోంచి చెయ్యి లోపలికి వచ్చింది. బూడిదరంగు చెయ్యి. గోళ్ళ చుట్టూ గట్టిపడిన సిమెంటు. వేళ్ళు వంగడం లేదు. బల్ల మీద గీరుకుంటూ... నా వైపే వస్తోంది.

గోడకి అతుక్కుపోయాను. ఆ సీసా పోతే విలియం మళ్ళీ గోడకి ఆనుకుని కూర్చోవాలి. ఆ ఆలోచన రాగానే భయం మీద కోపం ఎక్కింది. నా కోపం అంతే, దానికి వేళాపాళా లేదు.

"నీకెందుకురా సీసా?" అన్నాను పళ్ళు బిగించి. "ఇచ్చినన్నాళ్ళూ ఉమ్మేశావు. ఇప్పుడెందుకు?"

"ఉత్తుత్తియి... అన్నారు."

"ఎవడన్నాడు? అది అసలు మందే! మా ఆయన అదే మింగి హాయిగా నిద్రపోతున్నాడు. నీ చావు నువ్వే తెచ్చుకున్నావు. పో!"

అనేశాను. అనకూడని మాట అనేశాను.

బయట ఈల ఆగింది. గాలి కూడా ఆగినట్టయింది. చెయ్యి బల్ల మీద అలాగే ఉంది.

"అసల్దేనా...?"

సీసా గుండెకి హత్తుకున్నాను.

"అయితే... ఇప్పుడు మింగుతాను."

చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది. సందులోంచి మళ్ళీ వెలుతురు పడింది. కాసేపటికి కరెంటు వచ్చింది. సీసా నా గుప్పిట్లోనే ఉంది, మూత బిగించే ఉంది. పొట్లంలో మాత్ర కూడా ఉంది. బల్ల మీద మాత్రం నాలుగు గీతలు, వాటి నిండా బూడిదరంగు పొడి. తడిగుడ్డతో తుడిచాను. పొడి పోయింది గానీ గీతలు పోలేదు.

ఇంటికి వచ్చేసరికి విలియం వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. దీపాలు పెట్టే వేళకి మాత్ర ఇచ్చాను. నీళ్ళు తాగి గుటక వేశాడు.

"నాలుక ఎత్తండి," అన్నాను.

"నేనేమైనా నీ కిటికీ దగ్గరి రోగినా?" అని నవ్వి ఎత్తాడు. ఏమీ లేదు. శుభ్రంగా మింగాడు. నా గుండె కుదుటపడింది.

"ఇవాళ మాత్ర ఏంటో చప్పగా ఉంది, సులోచనా," అన్నాడు. "గొంతులోంచి దిగినట్టే లేదు."

పడుకున్న కాసేపటికే లేచి కూర్చున్నాడు. ఛాతీలో ఈల మొదలైంది. గోడకి ఆనుకున్నాడు. వీపు రాస్తూ పక్కన కూర్చున్నాను. "ప్రభువా, ప్రభువా" అంటున్నానే గానీ ప్రార్థన ముందుకి సాగలేదు.

విలియం ఊపిరి కోసం ఆగాడు. ఆ ఒక్క క్షణం గది నిశ్శబ్దమైంది.

అప్పుడు వినిపించింది... మంచం అవతలి వైపు నుంచి, ఎవరూ లేని చోటు నుంచి. ఇంకొకరి ఊపిరి. నిండుగా, మెత్తగా, ఏ ఈలా లేకుండా. ఎన్నాళ్ళకో హాయిగా నిద్ర పట్టిన మనిషి ఊపిరి.