మూడు గదుల సగటు

సాయంత్రం అయిదున్నరకి సాజిదా టీ పెట్టుకుంది. రెండు నెలలైనా ఒక్క మనిషికి పాలెన్ని పొయ్యాలో ఆ చేతికి అలవాటు కాలేదు. ఇవాళా రెండు గ్లాసులైంది.

రెండో గ్లాసు తాగాల్సిన సాదిక్, మార్టూరు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పద్దెనిమిదేళ్లు పనిచేసి, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని పోయాడు. జబ్బు తెలిసిన కొత్తలో అతని తమ్ముడు కలీం, ఇంట్లో దుమ్మెంతుందో తెలియాలని హాల్లో, వంటింట్లో, పడగ్గదిలో తలా ఒక సెన్సర్ ప్లగ్గుకి తగిలించాడు. మూడింటి సగటు గీతలాగా సాజిదా ఫోన్లో కనపడేది.

సాదిక్ పని దిగి వచ్చే వేళకి రోజూ ఆ గీత తెగిపోయేది. "దుమ్ము కొట్టుకుని వచ్చి, నాకు తెలియకూడదని ప్లగ్గు తీస్తున్నావు కదూ?" అని సాజిదా విరుచుకుపడేది. "అల్లా తోడు, నేను తియ్యలేదే" అనేవాడు దగ్గుతూ. నమ్మితేగా! మొగుళ్ల ఒట్లు ఆమెకి తెలియనివా!

మనిషి పోయాక గీత నిక్షేపంగా సాగింది. ఈ సోమవారం నుంచి మళ్లీ తెగుతోంది. సరిగ్గా అదే వేళకి, అయిదూ నలభైకి.

"ఒక్క సెన్సర్ ఆగినా సగటు రాదు వదినా. విడివిడిగా చూడు" అన్నాడు కలీం ఫోన్లో.

చూసింది. సోమవారం, మంగళవారం హాలొక్కటే ఆగింది. నిన్న హాలు, ఆ తర్వాత వంటిల్లు. ఎవరో లోపలికి నడిచొస్తున్నట్టుంది.

"ప్లగ్గులు వదులయ్యుంటాయి, టేపు చుట్టు. అయినా ఒక్కదానివీ అక్కడెందుకు? దర్శిలో మా ఇంటికి వచ్చెయ్."

"చూద్దాంలే" అని పెట్టేసింది. ఎలా వెళ్తుంది? వచ్చేది సాదిక్ అయితే, తాళం వేసిన ఇంటికొచ్చి ఏమైపోతాడు? భయం లేక కాదు. భయాన్ని మించిన ఆశ, పాడు ఆశ.

మూడు ప్లగ్గులకీ టేపు గట్టిగా చుట్టి, వంటింట్లో కూర్చుంది. ఎదురుగా కల్లంలో ఎండుతున్న మిరపకాయల ఘాటు కిటికీలోంచి వస్తోంది.

అయిదూ నలభై.

ఘాటు ఆగిపోయింది. గాలీ ఆగిపోయింది. హాల్లో టేపు ఊడుతున్న చప్పుడు... నెమ్మదిగా... గుమ్మంలోంచి కనపడే పచ్చ లైటు ఆరింది.

"వచ్చావా?" ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. "మంచినీళ్లు తేనా?"

అడుగులు. ఒకటి... రెండు... మూడు... నాలుగు...

చెంబు అందుకోబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చివరి ఏడాది సాదిక్ దగ్గకుండా నాలుగడుగులు వేసిన రోజు లేదు.

ఈ వచ్చేది దగ్గడం లేదు.

ఆమె మోచేతి పక్కనే వంటింటి ప్లగ్గు. టేపు అంచు లేచింది. ఎవరో గోటితో గీరి లాగుతున్నట్టు... కొంచెం... ఇంకొంచెం... పచ్చ లైటు ఆరింది.

అప్పుడు వెనక పడగ్గదిలోంచి దగ్గు వినపడింది. తెరలు తెరలుగా... వందమందిలో ఉన్నా సాజిదా గుర్తుపట్టే దగ్గు.

దగ్గు ఆగింది. గుసగుసగా, ఆయాసపడుతూ ఆ గొంతు...

"చెప్పానా సాజీ... నేను తియ్యలేదని..."