యంత్రం చదవని మాట

అనంతపురంలో ఆ కంపెనీకి ఉన్న ఒక్క కంప్యూటరుకు ఏసీ గది ఉండేది. మనుషులకు ఫ్యాను, అదీ కరెంటు దయ మీద. 1989 ఎండాకాలంలో ఆ చల్లని గదిలోనే గురుమూర్తి పరువు సుమిత్ర తీసింది.

గురుమూర్తి సి భాషలో ఒక ప్రోగ్రాం రాశాడు. కరువు ఊళ్లకు నీళ్ల ట్యాంకర్లు ఏ రోజు ఎక్కడికి పోవాలో అది చెబుతుంది. దాన్ని కంట్రాక్టరుకు అప్పజెప్పే ముందు, దొంగలు దూరడానికి వీలున్న చోట్లు వెతకడం కొత్తగా చేరిన సుమిత్ర పని.

"ఊరి పేరు అడుగుతాండాది. ఏం కొట్టేది?" అంది సుమిత్ర.

"నీ ఇష్టం. నా ప్రోగ్రాం దేనికీ భయపడదు."

ఆమె ఒకే అక్షరం మీద వేలు పెట్టి తీయలేదు. పేరు కోసం ఉంచిన జాగా నిండిపోయి, అక్షరాలు పక్క జాగాలోకి పొర్లాయి. 'ఈ మనిషిని లోపలికి రానివ్వచ్చా' అన్న గుర్తు ఉండేది సరిగ్గా అక్కడే. తరువాత ఆమె పాస్‌వర్డు తప్పు కొట్టినా ప్రోగ్రాం మర్యాదగా రమ్మంది. సుమిత్ర తెర మీద ట్యాంకర్లన్నిటినీ ఒక్క కుందుర్పి ఊరికే పంపేసింది.

"కుందుర్పోళ్లు నీ పటం పెట్టి పూజ చేస్తారు. మిగతా ఊర్లోళ్లు మాత్రం నిన్ను వెతుక్కుంటా వస్తారు," అంది.

"అంత పొడుగు పేరున్న ఊరు యాడుందో చూపించు!"

"దొంగ వచ్చి నీకు సరైన పేరే చెప్తాడా ఏమప్పా?"

ఆ రోజు నుంచి అతనికి ఆమె మీద కోపం. అది కోపం కాదని తెలుసుకోవడానికి కొంతకాలం పట్టింది. అంత తెలివైనవాడు.

వచ్చిన మాటను కొలవకుండా మింగేసే చోట్లు పట్టడానికి సుమిత్ర ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది. గురుమూర్తి రాసిన ప్రతి ఫైలూ దాని గుండా పోవాల్సిందే. తప్పు దొరికితే ఆమె అతని బల్ల దగ్గరికి వచ్చి తిట్టేది. అందుకని అతను ప్రతి ఫైలులో ఒక తప్పును శ్రద్ధగా నాటేవాడు.

ఒక మధ్యాహ్నం వాన పడింది. ఆ ఊళ్లో వాన అంటే అందరూ కిటికీ దగ్గరికి పోయి చూసే వింత. ఆ సందట్లో గురుమూర్తికి ధైర్యం వచ్చింది. నోటిదాకా కాదు, వేళ్లదాకా. ఒక్క తప్పూ లేని ఫైలు తయారుచేసి, మధ్యలో కామెంటుగా రాశాడు: "సుమిత్రా, నన్ను పెళ్లి చేసుకుంటావా? అభ్యంతరం ఉంటే చెప్పు."

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది: "అభ్యంతరం ఏమీ లేదు. సుమిత్ర."

గురుమూర్తి ఆ రోజే రైలెక్కి గుంతకల్లులో ఉన్న తల్లి దగ్గరికి పోయాడు.

ఆదివారం పద్మావతమ్మ పండ్లూ పూలూ పట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని సుమిత్ర ఇంటికి వచ్చింది. సుమిత్ర తండ్రి రామలింగయ్య బట్టల అంగడి మనిషి. భార్య పోయి ఏడాది. చాప వేసి కూర్చోమన్నాడు.

"మీ పాప ఒప్పుకునిందంట కదన్నా. మావాడు చెప్పినాడు."

"ఏమ్మా, ఒప్పుకుంటివా?"

"నాకే తెలీదు నాయనా," అని సుమిత్ర గురుమూర్తి వైపు తిరిగింది. "ఏం చెప్పినావప్పా ఇంట్లో?"

అతను ఫైలు అచ్చుతీసిన కాగితం చూపించాడు. "నువ్వే గదా అభ్యంతరం లేదని రాసిస్తివి!"

ఆమె చదివింది. మళ్లీ చదివింది. "కామెంటులో రాసినావా? నా ప్రోగ్రాం ముందు కామెంట్లన్నీ తీసేసి, ఆ తర్వాతే వెతుకుతాది. తప్పు దొరికితేనే నేను ఫైలు తెరిచేది, లేకుంటే అభ్యంతరం లేదని రాసిచ్చేది."

"కామెంటంటే ఏమిరా?" అంది పద్మావతమ్మ.

"మనుషుల కోసం రాసేదమ్మా. యంత్రం పట్టించుకోదు."

"ఆడపిల్లను అడగాల్సింది యంత్రానికి ఇచ్చి వస్తివా? మీ నాయన గూడా ఇంత తెలివైనోడు కాదు." ఆమె పూలపొట్లం దగ్గరికి లాక్కుంది. "తప్పైపోయిందన్నా. పోయొస్తాం."

"వాళ్లమ్మ ఉన్నింటే పాప మనసు కనుక్కునేది. నాకు అడిగేది రాదమ్మా," అన్నాడు రామలింగయ్య.



"నువ్వు అడగాల్సిన పన్లేదు నాయనా. అడగాల్సినోడు ఎదురుగానే ఉన్నాడు," అంది సుమిత్ర. "ఏమప్పా, కామెంటు నడవదు. నోరన్నా నడుస్తాదా?"

గురుమూర్తి లేచి నిలబడ్డాడు. "నన్ను చేసుకుంటావా?"

"ఎందుకు?"

"నువ్వు సెలవు పెట్టిన రోజు ఎవరితో కొట్లాడాలో తెలీదు."

"బాగుండాది. నేను ఈ ఊరొదిలి రాను. నాయనకు అన్నం నేనే పెట్టాల."

"సరే."

"అంత బిరీన ఒప్పుకోవద్దు. ఆలోచించు."

"ఆలోచించినా. ముగ్గురమూ ఈడనే ఉందాం."

సుమిత్ర తండ్రి ముఖం చూసింది. తరువాత గురుమూర్తి ముఖం.

"చేసుకుంటా," అంది.

పద్మావతమ్మ ఎవరినీ అడక్కుండా పొట్లం విప్పి, ఆమె వెనక కూర్చుని జడలో పూలు పెట్టసాగింది. చాన్నాళ్ల తరువాత ఇంకొకరి చేతులు తన తల నిమురుతుంటే, సుమిత్రకు ఒక్క వెటకారం మాట కూడా తోచలేదు. కదలకుండా కూర్చుంది.