సెర్వా చెప్పులు విడిచిన నెల

కుమాసీ బజారులో చెప్పుల దుకాణం పెట్టిన నాడు ఒపోకు దగ్గర ఉన్నవి రెండే: రేకుల కింద ఒక బల్ల, మనిషిని చూసి పాదం కొలత చెప్పేసే కన్ను. పెళ్ళయ్యాక మూడోది చేరింది, భార్య సెర్వా నడక. కొత్త సరుకు రాగానే శాంపిల్ జత తొడుక్కుని ఆమె బజారు ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచేది. సాయంత్రానికి ఆడవాళ్ళు ఆ రకమే అడుగుతూ వచ్చేవారు. పన్నెండేళ్ళుగా వ్యాపారం అలాగే సాగింది.

అలాంటి సెర్వా ఒక సోమవారం పొద్దున వట్టి కాళ్ళతో వాకిలి ఊడుస్తూ కనిపించింది. ఒపోకు పట్టించుకోలేదు. రెండో వారం కుళాయి దాకా అలాగే వెళ్ళింది. మూడో వారం అరటికాయలు కొనడానికి వీధి దాటింది. అడిగితే, ఊరికే, చల్లగా ఉంటుందని అంటూ ముఖం తిప్పుకుంది. ఎర్రటి ఎండలో కంకర మీద చల్లదనం ఏమిటో అతనికి లెక్క కుదరలేదు. శాంపిళ్ళు మూటలోనే ఉండిపోయాయి.

ఆ లెక్క అక్క అబ్రఫీ వచ్చి తేల్చింది. ఉడికించి దంచిన ఫూఫూ ముద్దలు తింటూ, మరదలు నీళ్ళకు వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

"తమ్ముడూ, మనలో ఆడది చెప్పులు ఎప్పుడు విడుస్తుంది?"

"మొగుడు పోతే."

"నువ్వు ఎదురుగా కూర్చుని ముద్ద మింగుతూనే ఉన్నావుగా. మరి ఇది ఎవరి కోసం విడిచినట్టు?"

ఆపైన ఒక్క పేరు వదిలి చేయి కడుక్కుంది. పక్క ఊరు బెక్వాయిలో దార్కో అనే బడిపంతులు ఉండేవాడు. ఒపోకు కంటే ముందు సెర్వాను పెళ్ళికి అడిగినవాడు. అతన్ని పూడ్చి సరిగ్గా నెల అయింది.

అప్పటినుంచి ఒపోకు ప్రతిదాన్నీ కూడడం మొదలుపెట్టాడు. నెల కిందట చావు, నెల కిందట చెప్పులు. ఇంట్లో ఆమె నవ్వు తగ్గింది. గురువారాలు పొద్దున్నే గంటసేపు ఎక్కడికో పోతోంది. ఎటు కూడినా పంతులే వస్తున్నాడు. బతికున్నవాడైతే పోయి నిలదీయొచ్చు, చచ్చినవాడితో ఏం పోటీ పడతాడు? పెళ్ళాం మనసే తనది కాదంటే పన్నెండేళ్ళ కాపురంలో తనకు మిగిలిందేమిటి?

గురువారం ఆమె వెనకాలే వెళ్ళాడు. లారీలు ఆగే చోటు దాటాక, వాగు ఒడ్డు ఇసుకలో సెర్వా ఒంటరిగా అటూ ఇటూ నడుస్తోంది, పెదాలు కదుపుతూ. ప్రార్థనే అనుకున్నాడు.

"ఎవరి కోసం ఈ దుఃఖం?"

సెర్వా ఉలిక్కిపడింది. "దుఃఖమేమిటి?"

"పోయిన దార్కో కోసమేగా. చెప్పెయ్. వినడానికే వచ్చాను."

"పంతులు పోయాడా?" అంది. అతన్ని చాలాసేపు చూసి, ఇసుకలో కూర్చుని, కుడిపాదం ముందుకు చాచింది. "చెప్పుల షావుకారివిగా. దీని కొలత చెప్పు."

"ముప్పై ఎనిమిది," అన్నాడు అలవాటుగా. అని, వంగి చూశాడు. చిటికెనవేలు పక్కవేలి కిందికి దూరి ఉంది. బొటనవేలి పక్కన ఎముక ఉబ్బింది. రెండు గోళ్ళు నల్లబడ్డాయి. నలభైకి తక్కువ కాదు.

"శాంపిళ్ళన్నీ ముప్పై ఎనిమిదే వస్తాయి," అంది సెర్వా. "పెళ్ళినాడు నువ్వు తెచ్చిన జతా అదే. చూపుతోనే కొలిచానని మావాళ్ళందరి ముందు చెప్పుకున్నావు. నీ మాట పోకూడదని దూర్చాను. ఇప్పుడు మోకాలి దాకా లాగుతోంది. కొన్నాళ్ళు వట్టి కాళ్ళతో నడవమంది ఆసుపత్రిలో నర్సు. ముందు వాకిట్లో, తరువాత ఇసుకలో, వీధిలో. వారానికి వంద అడుగులు పెంచాలి. అవే లెక్కపెట్టుకుంటున్నాను."

"నాతో అనొచ్చుగా."

"చెప్పుల కొట్టువాడి పెళ్ళాం కాళ్ళు చెప్పుల వల్లే పాడయ్యాయని బజారుకు తెలిస్తే, నీ బల్ల ముందు ఎవరు ఆగుతారు?"

ఒపోకు ఆమె పక్కన ఇసుకలో కూలబడ్డాడు. ఊరందరి పాదాలూ పట్టుకున్నాడు, ఇంట్లో పాదాన్ని ఒక్కసారీ చేతిలోకి తీసుకోలేదు. ఇసుక దులిపి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేయి ఖాళీ లేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు తన చెప్పులు కూడా విప్పి చంకన పెట్టుకున్నాడు. కంకర గుచ్చుకుని కుంటుతుంటే, మడమ అంత గట్టిగా వేయవద్దని సెర్వా నేర్పింది. లారీల దగ్గర అబ్రఫీ ఎదురై ఇద్దరి కాళ్ళూ చూసి, ఇప్పుడు ఎవరు పోయారని అడిగింది.

"ఎవరూ పోలేదక్కా," అన్నాడు. "నేనే పోగొట్టుకోబోయాను."

ఆ పూట గిరాకీ పోయింది. కొత్త సరుకు తొడిగి చూపించే నడకా ఇక లేదు. వచ్చిందల్లా, నొప్పి పుడితే నొప్పి అని చెప్పే భార్య, ఇంటి గుమ్మం దాకా ఒపోకు భుజం మీదినుంచి తీయని ఆమె చేయి.